బండికి తీసిన కొలతలు

జూన్ 4

చిన్నా,

ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ బావా బాగున్నాం. రాయడానికి విశేషాలేమీ లేవు. ఇవాళ పొద్దున ఎలా గడిచిందో రాస్తాను.

ఐదింటికి లేచాను. కళ్లు మూసుకుని కాసేపు దేవుడి ముందు కూర్చున్నాను. అందరినీ వరసగా తలుచుకున్నాను. నీ దగ్గర ఎప్పటిలాగే కొంచెం ఆలస్యమైంది. తర్వాత కిటికీ తీసి, మిషనుకి నూనె వేసి, పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి నూనె మరక పోయిందాకా చూశాను. బడి చొక్కాలకి ముప్పై కాలర్లు వేయాలి. ఏడయ్యేసరికి పదకొండు అయ్యాయి. మీ బావ పేపరు పైకి చదువుతున్నారు. నాకు వినిపించాలని కాదు, తనకే వినిపించాలని.

అప్పుడు ఎదురింటి మందుల షాపాయన వచ్చారు. చంకలో దుప్పటిలా మడత పెట్టిన గుడ్డ. మోటార్ సైకిల్ మీద కప్పే కవరు అది. అద్దాలు పొడుచుకుని రెండు చోట్ల చిరిగింది.

"బండి అమ్మేద్దామనుకుంటున్నానమ్మా. కొనేవాడికి చిరుగుల కవరుతో అప్పగిస్తే ఏం బాగుంటుంది" అన్నారు.

"బండి బాగుండాలి గాని కవరుదేముందండీ" అన్నారు మీ బావ.

"ఎప్పుడూ కవరు కిందే ఉంది కాబట్టేనండీ బండి బాగుంది" అన్నారాయన.

చిరిగిన చోట లోపలివైపు మందపాటి గుడ్డ వేసి కుట్టాను. సరిపోయిందో లేదో చూద్దామని నేనే తీసుకెళ్లాను. ఇన్నేళ్లుగా ఎదురుగా ఉన్నా ఆ బండిని కవరు లేకుండా దగ్గర్నించి చూడడం ఇదే మొదలు. బూడిద రంగు. ముందు అద్దం, పక్కల రేకులు, అంతా పందెం బండిలాగే ఉంది. సీటు మాత్రం వెడల్పుగా, కూర్చునే మనిషిని తలుచుకుని చేసినట్టు ఉంది. నువ్వు నోటు పుస్తకాల వెనక అట్టల మీద గీసేవాడివి, అలాంటిది. కొంచెంసేపు నిలబడి చూసి, కవరు కప్పి వచ్చాను.

మిగతా కాలర్లు మధ్యాహ్నానికి అయ్యాయి.

నీ నడుము ఎలా ఉంది?

మరదలికి నా ఆశీస్సులు చెప్పు.

నీ పెద్దక్క

*

జూన్ 10

పెద్దక్కా,

నమస్కారాలు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండుసార్లు ఆస్పత్రిలో, బయట వరసలో ఉన్నవాళ్లు ఎక్స్‌రే గది తలుపు కొడుతుంటే. మూడోసారి నీ మరదలికి చదివి వినిపించాను. నాలుగోసారి ఆవిడే లాక్కుని చదువుకుంది కాబట్టి అది నా లెక్కలోకి రాదేమో.

నాకు ఉద్యోగం వచ్చిందని రాస్తే నువ్వు "సంతోషం. టైముకి తిను" అని జవాబు రాశావు. నా పెళ్లి కుదిరిందని రాస్తే "మంచిది. కొలతలకి రా" అన్నావు. ఫోనులో అయితే ఊ, ఊఁ, ఉంటాను. అలాంటి మనిషి ఒక బండి గురించి అంత వివరంగా రాసింది. రంగు రాసింది, సీటు రాసింది. నేను అట్టల మీద గీసిన బొమ్మలు కూడా గుర్తు చేసింది. చేసి, వెంటనే "నీ నడుము ఎలా ఉంది" అని అడిగింది. నేను మరీ అంత మట్టిబుర్రని కాదక్కా. అర్థమైంది.

నీ మరదలికి కూడా అర్థమైంది. "పెద్ద వదినే అన్నాక నేనేం అంటాను" అంది. రెండేళ్లుగా మా ఇంట్లో బండి అనే మాట ఎత్తితే వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేవి. నిన్న ఒక్క గిన్నె కూడా పలకలేదు.

నీకు తెలుసు కదా, నడుము పట్టేసి నలభై రోజులు మంచం మీద ఉన్నప్పుడు పాత బండి అమ్మేశాం. రోజూ ముప్పైమంది వెన్నుపూసల్ని ఫొటో తీసేవాణ్ణి, నా వెన్ను సంగతి నేను చూసుకోలేదని డాక్టరు ఇప్పటికీ నవ్వుతాడు. అప్పట్నించీ బస్సులో వెనకనుంచి మూడో సీటు నాది. కండక్టరు నన్ను "మూడో సీటుగారూ" అంటాడు.

ఇప్పుడు పని మాటకి వస్తాను. నాకు కావలసింది అసలు పందెం బండి కాదు. దానికి హ్యాండిల్ బాగా కిందికి ఉంటుంది, కాళ్లు వెనక్కి మడవాలి, ట్యాంకు మీద పడుకున్నట్టు ముందుకు వాలాలి. ఇరవై నిమిషాలు రాజాలా ఉంటుంది. ఆ తర్వాత మణికట్లు, మెడ, నడుము వరసగా ఫిర్యాదు చేస్తాయి. నాకు చూడ్డానికి పందెం గుర్రంలా ఉండాలి, కూర్చుంటే పడక్కుర్చీలా ఉండాలి. హ్యాండిల్ ఎత్తుగా ఉండాలి. గాలి గుండెకి కొట్టకుండా అద్దం ఉండాలి. ఆపినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలి. ఎంత వేగం పోతుందో నాకు అక్కర్లేదు, ఎంతసేపు పోనిస్తుందో కావాలి.

నేను వచ్చేలోగా నువ్వొకసారి చూసి రా. పొద్దున్నే, ఆయన స్టార్టు చేయకముందే వెళ్లు. ముందే వేడి చేసి ఉంచిన ఇంజిను ఏదో దాస్తోందన్నమాట. ముందు చక్రానికి రెండు పక్కలా మెరిసే గొట్టాలుంటాయి, వాటి మీద నూనె చెమ్మ ఉండకూడదు. చైను వేలాడకూడదు. ఎప్పుడైనా పడిందా, ఎందుకు అమ్ముతున్నారు, ఈ రెండూ అడుగు. నిన్ను చూస్తే ఎవరూ అబద్ధం చెప్పలేరు, ఆ ధైర్యం నాకుంది.

బావకి నమస్కారాలు.

ఇట్లు, త్వరలో సీటు ఖాళీ చేయబోయే
మూడో సీటుగారు

*

జూన్ 16

చిన్నా,

నీ ఉత్తరం చేరింది. మొదటి పేజీ నాకు సరిగా అర్థం కాలేదు. రెండో పేజీ అర్థమైంది, ఆ పని చేసుకొచ్చాను. నీకు ఇంత కోరిక ఉందని నాకు తెలియదు. రెండేళ్లు లోపలే పెట్టుకున్నావు.

దేవుణ్ణి బండి ఇప్పించమని అడగలేదు. నా కళ్లు ఉన్నది ఉన్నట్టు చూసేలా చెయ్యమన్నాను.

ఆరింటికి వెళ్లాను. ఇస్త్రీపెట్టెకి చూసినట్టు వేలు తడి చేసి ఇంజినుకి తగిలించాను. చల్లగానే ఉంది.

"ఏం చేస్తున్నారమ్మా" అన్నారు షాపాయన.

"మా తమ్ముడు చూడమన్నాడండీ."

"ఇంత అనుమానం మంచిదేనమ్మా. మందు కొనేటప్పుడు సీసా మీద తారీఖు చదివేది ఇలాంటివాళ్లే."

మొదటిసారికే స్టార్టయింది. గొట్టాలు పొడిగా ఉన్నాయి. చైను వేలాడలేదు. సీటు చూశాను. అది నా పని కదా. ఎడమ అంచున నాలుగంగుళాల మేర కుట్టు తర్వాత వేసింది. దారం నలుపే గాని కంపెనీ దారం కాదు, కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం ఎక్కువ.

"ఎడమవైపు పడిందాండీ" అని అడిగాను.

ఆయన గేటు వైపు చూశారు. "మీకెవరు చెప్పారమ్మా?"

"కుట్టు చెప్పిందండీ."

అప్పుడు చెప్పారు. రోడ్డు మీద కాదు, సొంత గేటు దగ్గరే. ఆపి కాలు దింపితే మడమ ఆనలేదట. ఆయన పొట్టి. బండి మెల్లగా ఒరిగింది, దాంతోపాటు ఆయనా ఒరిగారు. క్లచ్ లివరు విరిగితే కొత్తది వేయించారు. సీటు ఎలుక కొరికిందని ఇంట్లో చెప్పారు. మోకాలు అప్పట్నించీ నొప్పి. అమ్మడం అందుకే. "మీవారికి చెప్పకండమ్మా, ఏడాది పాటు ఏడిపిస్తారు" అన్నారు. మీ బావ అప్పటికే గోడ దగ్గర నిలబడి వింటున్నారు.

టేపు తీసుకెళ్లాను. కొలతల పుస్తకంలో నీ పేజీ కూడా తీసుకెళ్లాను. నేల నుంచి సీటు ఎత్తు ముప్పై ఒకటిన్నర అంగుళాలు. నీ కాలు లోపలి కొలత ముప్పై ఒకటి. బూట్లు వేసుకుంటే పాదాలు ఆనుతాయి. నీ చెయ్యి పొడవు, వీపు పొడవు పెట్టి హ్యాండిల్‌కి లెక్క వేశాను. కొంచెం వాలితే అందుతుంది. నడుము చుట్టుకొలత ముప్పై కాబట్టి ట్యాంకుకి పొట్ట తగలదు. నీకు కుట్టినట్టే ఉంది.

నీ కోసం కొన్నాళ్లు ఆగుతానన్నారు.

నడుము సంగతి రాయలేదు. రాయి.

నీ పెద్దక్క

*

జూన్ 22

పెద్దక్కా,

నువ్వు టేపు పట్టుకుని మోటార్ సైకిల్ చుట్టూ తిరగడం తలుచుకుని ఆస్పత్రిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఎక్స్‌రే తీయించుకుంటున్న పెద్దాయన తన ఊపిరితిత్తుల్లో ఏదో కనిపించిందనుకుని బెంగ పెట్టుకున్నాడు. సర్ది చెప్పేసరికి తాతలు దిగొచ్చారు.

మందుల షాపాయన నాకు బాగా నచ్చాడు. బండి పడినందుకు కాదు, ఆ నేరం ఎలుక మీద పెట్టినందుకు. ఆగినచోట పడింది కాబట్టి లోపల దెబ్బేమీ ఉండదు. అయినా మెకానిక్కుకి చూపిద్దాం.

ఒక చిన్న సందేహం. నడుము ముప్పై అని రాశావు, అది ఏ పేజీ? నాకు తెలిసి నీ పుస్తకంలో ఉన్నది నా పెళ్లి సూటు పేజీ ఒక్కటే. అది పంతొమ్మిదేళ్ల కిందటి మాట. పెద్ద తేడా ఏమీ లేదులే. అయినా నీ తృప్తి కోసం కొత్త కొలతలు పంపుతున్నాను, నేనే అద్దం ముందు నిలబడి తీసుకున్నాను. మెడ పదిహేడు. ఛాతీ ముప్పై తొమ్మిది. నడుము ముప్పై మూడు. చెయ్యి, కాలు మామూలే.

ఇక్కడ ఏర్పాట్లన్నీ జరిగిపోతున్నాయి. ఆస్పత్రి వాచ్‌మన్ స్టాండులో నీడ పడే చోటు నా కోసం ఉంచుతానన్నాడు. నీ మరదలు బజారుకి వెళ్లి హెల్మెట్ కొనుక్కొచ్చింది. "పెద్ద వదిన మాట కదా, పనులు సగంలో ఆపకూడదు" అంది. పెట్టుకుని చూస్తే చెవులు కొంచెం నొక్కింది, బయటికి చెప్పలేదు.

నడుము బాగానే ఉంది.

ఇట్లు, పదిహేడు మెడ గల
నీ తమ్ముడు

*

జూన్ 27

చిన్నా,

మెడ పదిహేడు ఉన్న మనిషికి నడుము ముప్పై మూడు నేను ముప్పై ఏళ్లలో ఎన్నడూ కుట్టలేదు. మెడ కొలత నిజం. మెడ గురించి నీకు సిగ్గు లేదు కాబట్టి.

ఇది ఊపిరి బిగబట్టి తీసుకున్న కొలత. నా దగ్గరికి వచ్చే మగవాళ్లందరూ అంతే. నేనేమీ అనను. వాళ్లకి తెలియకుండా రెండంగుళాలు వదులు పెడతాను. చొక్కాకి పెట్టొచ్చు. బండికి పెట్టలేను.

తప్పు నాది కూడా. పుస్తకంలో పేజీ మీద తారీఖు ఉంది, నేను చూడలేదు. నిన్ను తలుచుకుంటే నాకు ఆ సూటు వేసుకున్నవాడే కనిపిస్తాడు. ఆ రోజు నువ్వు నిలబడే వంగి బూటు తాడు కట్టుకున్నావు. వీపు లెక్క దాన్నిబట్టి వేశాను. నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి ఇన్నేళ్లూ అదే కొలతలో ఉంచుకున్నాను.

మూడే అడుగుతాను. వాటికే జవాబు రాయి.

నడుము ఎంత?

నిలబడి వంగితే చేతులు ఎక్కడిదాకా వస్తాయి?

డాక్టరు ఏమన్నారు?

మీ బావ ఎదురింటాయన్ని కలిసినప్పుడల్లా ఎలుకల మందు ఉందా అని అడుగుతున్నారు. వద్దని చెప్పాను. ఇంకా అడుగుతున్నారు.

పెద్దక్క

*

జులై 3

అక్కా,

నడుము ముప్పై ఎనిమిది. బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పెట్టుకున్నాను.

వంగితే చేతులు మోకాళ్ల దాకా వస్తాయి. అక్కడినుంచి కిందికి పోవాలంటే నేలే పైకి రావాలి.

డాక్టర్ని అడగలేదు. రోజూ మెట్ల మీద ఎదురవుతాడు. వాతావరణం గురించి మాట్లాడి దిగిపోతాను. అడిగితే వద్దంటాడేమో. అడగకపోతే వద్దనలేదు కదా.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ నీ దగ్గర దాగదు. మా లేబొరేటరీ అతను ఎర్ర బండి కొన్నాడు, నిఖార్సయిన పందెం బండి. "ఒకసారి కూర్చోండి సార్" అన్నాడు. కూర్చున్నాను. నడపలేదు, స్టాండులోనే. హ్యాండిల్ కింద ఎక్కడో ఉంది. అందుకున్నాను. ఐదు నిమిషాలు స్వర్గం. ఆరో నిమిషంలో దిగుదామంటే నడుము ఒప్పుకోలేదు. పైకి లేవలేను, దిగలేను. ఒకవైపు వాచ్‌మన్, ఒకవైపు ఇద్దరు నర్సులు పట్టుకుని గోడ మీంచి నిచ్చెన దింపినట్టు దింపారు. నన్ను నా గదికే తీసుకెళ్లి నా బల్ల మీదే పడుకోబెట్టారు. ఇది నీ మరదలికి చెప్పలేదు.

ఇంత జరిగాక కూడా వెనక్కి తగ్గలేదంటే నీ ఉత్తరమే కారణం. చేసే ప్రతి పనికీ ముందు కళ్లు మూసుకుని కూర్చునే మనిషివి. మళ్లీ బండి ఎక్కమని నువ్వు రాశావంటే ఊరికే రాయవు, ఏదో చూసే రాసుంటావు అనుకున్నాను. నువ్వే ధైర్యం చెప్పాక నేను భయపడితే ఏం బాగుంటుంది.

నీ తమ్ముడు

*

జులై 8

చిన్నా,

నేను అలా రాయలేదు.

జూన్ నాలుగున రాసిన ఉత్తరం మళ్లీ తీసి చూడు. అందులో ఉన్నది చిరిగిన కవరు. ఆ రోజు పొద్దున ఇంకేమీ జరగలేదు, అందుకే అది రాశాను. నీ నడుము ఎలా ఉందని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతాను. పాత ఉత్తరాలు ఉంటే చూసుకో.

నువ్వే బండి కావాలన్నావని నేను వెళ్లి కొలతలు తీశాను. నేనే ఎక్కమన్నానని నువ్వు సిద్ధమయ్యావు. నేను అన్నానని మరదలు హెల్మెట్ కొంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, నీ నడుము కొలత తప్ప.

నేను తక్కువ రాస్తాను. మిగతాది మీరు నింపుకుంటారు. ఇది ఇవాళ కొత్తగా తెలిసింది. బాధగా ఉంది.

ఇద్దరు నర్సుల సంగతి, ఈ ఉత్తరం సంగతి, రెండూ మరదలికి నువ్వే చెప్పు. నేను చెబితే మళ్లీ నా మాట అవుతుంది. డాక్టర్ని అడుగు. కాగితం మీద రాయించుకో.

బండి గురించి నేనింకా ఏమీ అనలేదు. వద్దని కూడా అనలేదు. అది గుర్తుపెట్టుకో.

నీ కోసం ప్రార్థన చేస్తున్నాను.

పెద్దక్క

*

జులై 13

పెద్దక్కా,

చెప్పాను. రెండూ చెప్పాను.

ముందు నర్సుల సంగతి చెప్పాను, అది తేలిక అనుకుని. "ఎవరా నర్సులు" అని అడిగింది. అంటే తేలిక కాదన్నమాట. తర్వాత నీ ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివింది. "అయితే నేను ఇంతకాలం ఎవరి మాటకి ఒప్పుకున్నట్టు?" అంది. హెల్మెట్ తీసి అలమర పైన పెట్టింది. గిన్నెలు మళ్లీ మాట్లాడుతున్నాయి.

డాక్టర్ని కూడా అడిగాను. మెట్ల మీదే ఆపి అడిగాను. నవ్వాడు, తర్వాత గదిలోకి పిలిచి సరిగ్గా చూశాడు. రాసిచ్చిన కాగితం నీ మరదలి చేత పంపుతున్నాను. ముందుకు వాలి కూర్చోకూడదట. బరువు మోయకూడదట. వీపు నిటారుగా ఉంటే, గంటకొకసారి దిగి నడిస్తే ఫరవాలేదట. దిగలేకపోతే ఏం చెయ్యాలని అడిగాను. నర్సుల్ని పిలవమన్నాడు. ఆస్పత్రి అంతటికీ తెలిసిపోయింది.

నీ మరదలు శనివారం పొద్దున బస్సుకి మీ దగ్గరికి వస్తోంది. నాకు డ్యూటీ ఉంది, రాలేను. లేకపోయినా తను తీసుకెళ్లేది కాదు. నా ప్యాంటూ, చొక్కా, ఆ బెల్టూ సంచిలో సర్దుకుంది. "అసలు కొలతలు నేను తీసుకెళ్తాను" అంది. తను ఏమనుకుంటోందో నాకు చెప్పడం లేదు.

మీరందరూ వద్దంటే వద్దు అక్కా. నిజంగానే అంటున్నాను, అలిగి కాదు. కానీ ఒక్కటి చెప్పనీ. బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కనుంచి వెనక్కి పోతుంది. బండి మీద అయితే ఎదురొస్తుంది. ఈ రెండేళ్లలో నాకు ఏదీ ఎదురు రాలేదు. నాకు నలభై ఆరు. ఇంక జీవితమంతా మూడో సీటేనా అనిపిస్తుంది. జూన్ పదిన నీ ఉత్తరం చదివిన రోజు మాత్రం అనిపించలేదు. నువ్వు రాయని ఉత్తరం అది, అయినా ఆ రోజు బాగుంది.

నీ తమ్ముడు

*

జులై 19

చిన్నా,

ఇది కొంచెం పెద్ద ఉత్తరం. నింపుకోవడానికి ఖాళీలు వదలకుండా రాస్తున్నాను.

మరదలు నిన్న పదిన్నరకి దిగింది. మంచినీళ్లు తాగి, సంచి తెరిచి, నీ బట్టలు నా బల్ల మీద పరిచింది. నేను కొలతలు తీసుకుని కొత్త పేజీలో రాశాను. తారీఖు పైన వేశాను. బెల్టు చిల్లు చూశాను. మేకు చిల్లు వంకరగా ఉంది, సరిచేసి తన చేతే పంపుతున్నాను. కాలు లోపలి కొలత మాత్రం ముప్పై ఒకటే. మనిషి ఎన్ని వైపులా పెరిగినా అది మారదు.

ఎదురింటాయన బండిని మా వాకిట్లోకి తెచ్చారు. మెకానిక్కుని కూడా పిలిచారు. మరదలు బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

నీ ఎత్తూ మీ బావ ఎత్తూ ఒకటే. ఆయన్ని ఎక్కించాను. పొట్ట దగ్గర సరిపోయేలా చొక్కా కింద తువ్వాలు కట్టాను.

"బామ్మర్దిగారి పొట్ట మోయడానికి నేనేం పాపం చేశానోయ్" అన్నారు.

"కదలకండి" అన్నాను.

దారానికి బరువుగా మిషను బాబిను కట్టి ఆయన భుజం దగ్గరనుంచి వేలాడదీశాను. మనిషి నిటారుగా ఉంటే దారం తుంటి పక్కకి రావాలి. ముందుకు ఐదంగుళాలు పోయింది. ఐదు చాలా ఎక్కువ. నేను నీకు కుట్టినట్టుందని రాసిన బండి నీకు సరిపోదు. మరదలు దారాన్ని చూసి, "ఇక చాలు వదినా, తీసుకెళ్లమనండి" అంది. ఎదురింటాయన ముఖం చిన్నబోయింది.

మెకానిక్కు అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "హ్యాండిల్ కింద దిమ్మలు వేసి రెండంగుళాలు లేపొచ్చండీ. వెనక్కి కూడా తిరుగుతుంది" అన్నాడు. వేసి చూపించడానికి దిమ్మలు అతని దగ్గర లేవు, తెప్పించాలి. మీ బావ లోపలికెళ్లి చీపురు కర్ర తెచ్చారు. మెకానిక్కు ఒక చివర, ఎదురింటాయన ఒక చివర, హ్యాండిల్ పైన రెండంగుళాల ఎత్తున, కొంచెం వెనక్కి పట్టుకున్నారు. మీ బావ ఎక్కి చీపురు కర్ర పట్టుకున్నారు. నేను మళ్లీ దారం వేశాను. తుంటి పక్కనే పడింది. ఒక్క అంగుళం ముందుకి.

"గేర్లెక్కడున్నాయి దీనికి" అన్నారు మీ బావ. మరదలు నవ్వు ఆపుకోలేకపోయింది. ఎప్పుడు నవ్వుతుందా అని వచ్చినప్పట్నించీ చూశాను. అప్పుడు నవ్వింది.

సీటు కూడా చూశాను. లోపలి స్పాంజి ఒక అంగుళం కోసి, వెనకవైపు నడుముకి ఆనేలా కొంచెం ఎత్తు కట్టి, కొత్త తొడుగు కుడతాను. పాదాలు పూర్తిగా ఆనుతాయి. ఎత్తు తగ్గుతుందని తెలిసి ఎదురింటాయన, "ఈ సంగతి రెండేళ్ల కిందట చెప్పి ఉంటే నేనే ఉంచుకునేవాణ్ణి కదమ్మా" అన్నారు. "మీరు ఎలుక అన్నారు కదండీ" అన్నారు మీ బావ. వాళ్లావిడ గేటు దగ్గరే ఉంది. ఇక దాచడానికేమీ లేదు.

మధ్యాహ్నం మరదలూ నేనూ గుండీలు కుడుతూ కూర్చున్నాం. అప్పుడు మాట్లాడింది. నీకు తెలియాలి కాబట్టి తన మాటలే రాస్తున్నాను. రాయమని తనే అంది.

"పడిపోతారని కాదు వదినా నా భయం. రోడ్డు మీద జాగ్రత్తగానే ఉంటారు. ఆ నలభై రోజులూ మంచం మీంచి లేవాలంటే నా భుజం పట్టుకునేవారు. నొప్పి ఎంతుందో ఎప్పుడూ చెప్పేవారు కాదు. నా భుజం మీద చెయ్యి ఎంత బిగిసిందో చూసి నేను తెలుసుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కడికో ఒక్కరే వెళ్లి, ఏ చెట్టు కిందో దిగలేక కూర్చుంటే నాకెలా తెలుస్తుంది? చెప్పరు కదా. నర్సుల సంగతి చెప్పారా? మీరు అడిగితే గాని చెప్పలేదు."

తను అన్నది నిజం.

సాయంత్రం ఆరింటికి బట్టలు కత్తిరించే బల్ల చుట్టూ కూర్చున్నాం. మేం ముగ్గురం, ఎదురింటాయన. నేను కళ్లు మూసుకుని కాసేపు కూర్చున్నాను. అందరూ ఆగారు. మన ఇంట్లో అందరూ చెప్పాక చివర నేను చెప్పడం అలవాటు. ఈసారి ముందే చెప్పాను: "ఇది నా మాట మీద జరగకూడదు. మరదలు చెప్పాలి. నేను ఏమనుకుంటున్నానో తను చెప్పిందాకా చెప్పను."

మీ బావ కొనమన్నారు. ఎదురింటాయన, తను అమ్మేవాడు కాబట్టి తన మాట లెక్కలోకి రాదన్నారు.

మరదలు డాక్టరు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మళ్లీ చదివింది. అప్పుడు ఒకటొకటిగా చెప్పింది.

బండి తీసుకోవాలి. దిమ్మలు వేసి, సీటు కొత్తగా కుట్టాకే నువ్వు దాని మీద కూర్చోవాలి. నువ్వు బస్సులో వచ్చి, గంటసేపు నడిపి, దిగి, వంగి చూపించాలి. దారం నేను వేస్తాను. నడుము ఒప్పుకోకపోతే బండి ఎదురింట్లోనే ఉంటుంది, సీటు నా కానుక. ఒప్పుకుంటే రెండు రోజుల్లో మెల్లగా ఇంటికి వెళ్లాలి. ఒక్కడివే కాదు. తను వెనక కూర్చుంటుంది. మొదటి ఆరు నెలలు ఊరు దాటితే తను వెనక ఉండాల్సిందే.

"నా చెయ్యి ఆయన నడుము మీద ఉంటుంది. ఆయన చెప్పకపోయినా నాకు తెలుస్తుంది" అంది.

తర్వాత తనే నా వైపు తిరిగి, "ఇప్పుడు మీరు చెప్పండి వదినా. మీరు చెప్పనిది మేం ఊహించుకోవడం ఇంక వద్దు" అంది.

చెప్పాను. అందరి ఎదుట పైకే చెప్పాను. నీకూ రాస్తున్నాను.

నువ్వు మళ్లీ బండి ఎక్కాలని నాకు ఉంది. జూన్‌లో ఈ మాట నేను రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

దిమ్మలు శుక్రవారానికి వస్తాయట, సీటు ఆలోపు కుట్టేస్తాను. వచ్చే ఆదివారం మొదటి బస్సుకి ఇద్దరూ రండి.

పెద్దక్క